మూతికి రంగు పూసుకున్న వడ్రంగి పిట్ట

మా అమ్మ పల్నాడు నుంచి హ్యూస్టన్ వచ్చి అప్పటికి రెండు నెలలు. పొద్దస్తమానం టీవీ, లేదంటే కిటికీలోంచి మనిషి జాడ లేని వీధి. మా ఎనిమిదేళ్ళ అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడటానికి బిడియం. అమ్మమ్మా మనవరాలూ ఒకరినొకరు చూసి నవ్వుకోవడంతోనే సరిపెట్టుకుంటున్నారు.

పోయిన ఆగస్టులో ఒక శుక్రవారం సాయంత్రం పులిహోర కట్టుకుని, కెమేరా తీసుకుని, మెక్సికో సరిహద్దు దగ్గరున్న మిషన్ అనే ఊరికి బయల్దేరాం. దాదాపు 350 మైళ్ళు. అక్కడి బెంట్సెన్ రియో గ్రాండే వ్యాలీ స్టేట్ పార్కులో గోల్డెన్ ఫ్రంటెడ్ వడ్రంగి పిట్టని ఫొటో తీయాలని నాకు ఎన్నాళ్ళనించో కోరిక. మెక్సికోలో విరివిగా ఉండే ఈ పిట్ట, అమెరికాలో టెక్సస్, ఓక్లహోమాలో కొంత మేర తప్ప కనిపించదు. ఆ లోయలో 95 శాతానికి పైగా సహజమైన అడవి పొలాలకీ ఊళ్ళకీ పోయింది. మిగిలిన ముక్కల్లో ఈ పార్కు ఒకటి.

తెల్లవారుతూనే లోపలికి నడిచాం. చుట్టూ మెస్కీట్ చెట్లు, అంటే మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టాలు. "ఈ తుమ్మలు చూడటానికా ఇంత దూరం తీసుకొచ్చావు?" అంది అమ్మ.

అంతలో "చుర్ర్" మని అరుపు. ఎండిన కొమ్మ మీద అదిగో! వీపంతా నలుపూ తెలుపూ చారలు, మెడ వెనక పసుపు, నెత్తిన ఎర్ర టోపీ. టోపీ ఉందంటే మగపిట్టే. పిల్లలూ, వడ్రంగి పిట్టని ఫొటో తీయాలంటే అది పొడిచేటప్పుడు కాదు, పొడవడం ఆపి ఒక్క క్షణం కదలకుండా ఉన్నప్పుడు నొక్కాలి. నొక్కాను.

తెర మీద చూస్తే దాని మొహమంతా ఎరుపూ ఊదా కలిసిన మరకలు. మా అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు. "మమ్మీ, బ్లడ్!" పుస్తకంలో బొమ్మ తీసి చూశాను. అందులో మరకల్లేవు. నాకూ గుండె జారింది.

అమ్మ కెమేరా లాక్కుని చూసి పకపకా నవ్వింది. "రక్తమేంటే నీ మొహం! నాగజెముడు పండు తిన్న మూతి అది. చిన్నప్పుడు మా మూతులూ ఇంతే. ఇంటికెళ్తే మా అమ్మ చేతిలో దెబ్బలు."

చేత్తో చూపించింది. దారి పక్కనే నాగజెముడు పొద, నిండా పండ్లు. కాసేపటికి ఆ పిట్టే వచ్చి దాని మీద వాలి, పండులో ముక్కు దూర్చింది!

నిజానికి నాగజెముడు పుట్టిల్లు అమెరికా ఖండమే, మన దేశానికి తర్వాత వచ్చింది. ఆ మాట చెబితే అమ్మ ఇప్పటికీ నమ్మదు.

"అమ్మమ్మా, ముళ్ళు ఎలా తీశారు?" అడిగింది మా అమ్మాయి. అచ్చంగా తెలుగులో. అమ్మ అక్కడే బెంచీ మీద కూర్చుని, నేల మీద దొర్లించి, రాతికి రుద్ది, ఎలా ఒలిచేవాళ్ళో చేతులు తిప్పుతూ చెప్పింది. ఒకటి కోసి చూపిస్తానంటే పార్కులో కోయకూడదని ఆపాను.

తిరుగు ప్రయాణంలో ఒక మెక్సికన్ కొట్లో ఆ పండ్లే దొరికాయి, ముళ్ళు తీసినవి. అరడజను కొన్నాం. పిట్ట ఫొటో కంప్యూటర్లో ఉంది. మా ఫ్రిజ్ మీద ఉన్నది మాత్రం కారు వెనక సీట్లో నాలుకలు బయటపెట్టిన ఇద్దరిది.