వేప చెట్టు మాడిపోతోందా? రోగం గుట్టు విప్పేది డీఎన్‌ఏ టెస్టే..!

రామన్నపేట: ఉగాది పచ్చడికి వేపపువ్వు కావాలి. బోనానికి వేపమండలు కావాలి. ఎండాకాలం మంచం వేసుకోవాలంటే యాప చెట్టు నీడే దిక్కు. అలాంటి చెట్టు కొన్నేళ్లుగా తెలంగాణలో చాలాచోట్ల కొసల నుంచి మాడిపోయి, నిప్పు పెట్టినట్టు కనిపిస్తోంది. ఇక చచ్చిపోయిందనుకుని గొడ్డలి తీసేవాళ్లూ ఉన్నారు. కానీ ఆగండి.. ముందు ఆ రోగం ఏంటో తెలుసుకుందాం.

అసలేంటి ఈ రోగం?

దీన్ని డైబ్యాక్ అంటారు. కొమ్మ చివర మొదలై వెనక్కి ఎండుకుంటూ వస్తుంది. వానాకాలంలో మొదలై చలికాలానికి ముదురుతుంది. దీనికి కారణమయ్యే ఫంగస్ పేరు ఫోమోప్సిస్ అజాడిరక్టే. 1997లో కర్ణాటక పరిశోధకులు దీన్ని కొత్త జాతిగా ప్రకటించారు. 2021లో తెలంగాణలో వేపలు పెద్ద ఎత్తున ఎండినప్పుడు ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ వర్సిటీ శాస్త్రవేత్తలు కూడా ఈ ఫంగస్ పేరే చెప్పారు.

చూస్తే తెలియదా?

ఇక్కడే ఉంది తిరకాసు. టీ దోమ అనే పురుగు లేత కొమ్మల రసం పీల్చినా కొసలు ఇలాగే ఎండుతాయి. రెండూ కలిసి ఉండొచ్చు కూడా. ఫంగస్ మందు కొడితే పురుగు చావదు. పురుగు మందు కొడితే ఫంగస్ పోదు. రోగం తేల్చకుండా మందు కొడితే డబ్బు దండగ, చెట్టుకూ లాభం లేదు.

సరే, ఫంగస్‌ను ల్యాబ్‌లో పెంచి మైక్రోస్కోప్‌లో చూస్తే? దాని బంధువులు చాలానే ఉన్నాయి. చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అందుకే డీఎన్‌ఏ దాకా వెళ్తారు.

టెస్ట్ ఎలా చేస్తారంటే..

కరోనా టైంలో పీసీఆర్ అనే మాట విన్నారు కదా! ఇదీ అదే పద్ధతి. కొమ్మలో ఎండిన భాగం, పచ్చి భాగం కలిసే చోట శాంపిల్ తీస్తారు. అందులోంచి ఫంగస్‌ను పెంచి, డీఎన్‌ఏ బయటకు తీస్తారు. డీఎన్‌ఏలో ఐటీఎస్ అనే చిన్న ముక్క ఉంటుంది. ఫంగస్‌లకు ఇది ఆధార్ నంబర్ లాంటిది. 2012లో శాస్త్రవేత్తలు దీన్నే ఫంగస్‌ల బార్‌కోడ్‌గా ఖరారు చేశారు.

పీసీఆర్ మెషీన్‌లో ఒక్కో రౌండ్‌కు ఆ ముక్క రెట్టింపవుతుంది. లెక్క ప్రకారం 30 రౌండ్లకు ఒక్క కాపీ 100 కోట్లు దాటుతుంది. తర్వాత దాని అక్షరాల వరుస చదివి, జెన్‌బ్యాంక్ అనే అంతర్జాతీయ డేటాబేస్‌లోని వాటితో పోలుస్తారు. దగ్గరి బంధువుల మధ్య తేడా తేలకపోతే మరికొన్ని జన్యువులు కూడా చూస్తారు.

అయితే ఒక మాట. డీఎన్‌ఏ దొరికినంత మాత్రాన దోషి దొరికినట్టు కాదు. ఆ ఫంగస్‌ను ఆరోగ్యంగా ఉన్న మొక్కకు ఎక్కించి, అదే రోగం వస్తుందో లేదో చూడాలి. ఆ మొక్క నుంచి మళ్లీ అదే ఫంగస్ బయటపడితేనే నేరం రుజువైనట్టు.

బత్తాయి రైతులకూ ముఖ్యమే

నల్గొండ అంటే బత్తాయి. ఆ చెట్లకు వచ్చే గ్రీనింగ్ తెగులుకు కారణమైన బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచడం చాలా కష్టం. ఆకులు పసుపు రంగుకు తిరిగితే పోషకాల లోపమా, తెగులా అన్నది కంటితో తేల్చలేం. అక్కడ కూడా పీసీఆరే ఆధారం. అంటు కట్టే కొమ్మకే తెగులుంటే తోట మొత్తానికీ పాకే ప్రమాదం ఉంది. అందుకే నమ్మకమైన నర్సరీ నుంచే మొక్కలు తెచ్చుకోవాలి.

మరి మీ ఇంటి ముందు వేప సంగతేంటి?

ఎండిన కొమ్మలు కత్తిరించి కాల్చేయండి. మందు కొట్టాలనుకుంటే ముందు వ్యవసాయ అధికారికి కొమ్మ చూపించండి. ఈ ఫంగస్ విత్తనం ద్వారా కూడా పాకుతుంది కాబట్టి, తెగులున్న చెట్టు గింజలతో మొక్కలు పెంచొద్దు. అన్నిటికంటే ముఖ్యం.. తొందరపడి చెట్టు నరకొద్దు. కొసలు మాడిన పెద్ద వేపలు చాలావరకు మళ్లీ చిగురేస్తాయి. బెరడు కొంచెం గీకి చూడండి. లోపల పచ్చగా ఉందంటే చెట్టు బతికే ఉంది!