‘ఇవాళ వద్దు’ అనడం నేర్పే సముద్రం

ఫుకెట్ అనగానే బీచ్‌లూ, స్పీడ్ బోట్లూ, ఇన్‌స్టాలో ఫ్రెండ్స్ పెట్టిన ఫొటోలూ గుర్తొస్తాయి. అదే ఫుకెట్‌కి కొందరు టూరిస్టులు వేరే పనిమీద వెళ్తుంటారు. ఐదు రోజులు పడవలోనే తిని, పడవలోనే పడుకుని, తెరచాప పడవ నడపడం నేర్చుకుంటారు. మొదటి కోర్సుతో సిబ్బందిలో ఒకరిగా పనికొస్తారు. ఇంకొంత అనుభవం సంపాదించి రెండో కోర్సు కూడా పూర్తిచేస్తే, కెప్టెన్ లేకుండానే పడవ అద్దెకు తీసుకుని, ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని దీవులు చుట్టిరావచ్చు. దీన్నే బేర్‌బోట్ చార్టర్ అంటారు. మనం సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుంటాం చూడండి, అలాగన్నమాట.

ఒక్కటే తేడా. కారుకి బ్రేకు ఉంటుంది. ఏదైనా తేడా వస్తే రోడ్డు పక్కన ఆపి ఆలోచించుకోవచ్చు. సముద్రంలో ఆ చాన్స్ లేదు. అందుకే ఈ కోర్సుల్లో చుక్కాని పట్టడం, తాడు లాగడం చిన్న పాఠాలే. అసలు పాఠం వేరే ఉంది.

ఫుకెటే ఎందుకు?

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఫుకెట్ వైపు ఈశాన్య రుతుపవనాల గాలి వీస్తుంది. అది నేలమీదుగా వస్తుంది కాబట్టి అండమాన్ సముద్రంలో ఆ వైపు పెద్ద అలలు లేవవు. పైగా ఫుకెట్‌కీ థాయ్‌లాండ్ నేలకీ మధ్య ఫాంగ్ న్గా అఖాతం ఉంది. చుట్టూ సున్నపురాయి కొండలు నీళ్లలోంచి నిటారుగా లేచి ఉంటాయి. 1974లో వచ్చిన జేమ్స్‌బాండ్ సినిమాతో పేరు తెచ్చుకుని, ‘జేమ్స్‌బాండ్ ఐలాండ్’ అయిపోయిన దీవి కూడా ఇక్కడిదే. దీవుల మధ్య దూరాలు తక్కువ. గాలి ఉంటుంది గానీ అల పెరగడానికి చోటు ఉండదు. కొత్తవాళ్లకి ఇంతకంటే మంచి క్లాస్‌రూమ్ ఏముంటుంది?

ఇంకో సౌకర్యం నీళ్ల వెచ్చదనం. ఏడాది పొడవునా సుమారు 28 నుంచి 30 డిగ్రీలు. బ్రిటన్ లాంటి చోట్ల నీళ్లు 15 డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు అందులో పడితే, ఒళ్లు ఒక్కసారిగా షాక్ తిని ఊపిరి అదుపు తప్పుతుంది. ఈత బాగా వచ్చినవాళ్లకీ అది ప్రమాదమే. ఫుకెట్‌లో ఆ భయం లేదు. పడ్డా నవ్వుకుంటూ పైకి రావచ్చు. భయం లేనప్పుడు పాఠం తొందరగా ఎక్కుతుంది.

ఈ ఆటకి థాయ్‌లాండ్‌లో రాజుగారి అండ కూడా ఉండేది. రాజు భూమిబోల్ తన చిన్న పడవల్ని తానే తయారుచేసుకునేవారు. 1967లో ఆగ్నేయాసియా క్రీడల్లో తెరచాప పడవ పందెంలో స్వర్ణం గెలిచారు. ఆయన 60వ పుట్టినరోజు గౌరవార్థం 1987లో ఫుకెట్‌లో కింగ్స్ కప్ పడవ పందేలు మొదలయ్యాయి.

గాలివాటం అంటే తిట్టు కాదు

మొదటి రోజు టీచరు అడిగే ప్రశ్న ఒకటే. ‘గాలి ఎటు నుంచి వస్తోంది?’ పొద్దున అడుగుతారు, మధ్యాహ్నం అడుగుతారు, అన్నం తింటుంటే అడుగుతారు. మొదట్లో అందరూ ఫోన్ తీసి యాప్ చూస్తారు. రెండో రోజుకి చెంపకు తగిలే గాలిని బట్టి, నీళ్లమీద ముడతల్ని బట్టి, ఒడ్డున జెండాల్ని బట్టి చెప్పడం వచ్చేస్తుంది.

‘వాడు గాలివాటంగా బతుకుతున్నాడు’ అంటే మన దగ్గర తిట్టే. కానీ తెరచాప పడవ గాలికి ఎదురు కూడా వెళ్తుంది. నేరుగా వెళ్లదు. గాలి వచ్చే దిక్కుకి అటూ ఇటూ సుమారు 45 డిగ్రీల లోపు వెళ్లబోతే తెరచాప టపటపా కొట్టుకుని పడవ ఆగిపోతుంది. అందుకని కాసేపు కుడికి, కాసేపు ఎడమకి వంకరటింకరగా ఎక్కాలి. తిరుమల ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతూ కొండెక్కినట్టే.

తర్వాత ముడులు. లాగినకొద్దీ బిగుసుకుపోయి, పని అయ్యాక చటుక్కున ఊడొచ్చే ‘బౌలైన్’ ముడిని కళ్లు మూసుకుని వేయగలగాలి. ఆ తర్వాత లంగరు. ఇక్కడ చిన్న లెక్క ఉంది. సాయంత్రం పాటు సమయంలో లోతు 4 మీటర్లు. అర్ధరాత్రి పోటుకి నీళ్లు ఇంకో 2 మీటర్లు పెరుగుతాయనుకోండి. అప్పుడు లోతు 6. దానికి నాలుగు రెట్లు, అంటే కనీసం 24 మీటర్ల గొలుసు వదలాలి. సాయంత్రం లోతు చూసి 16 మీటర్లతో సరిపెట్టుకుంటే, అందరూ నిద్రలో ఉండగా పడవ మెల్లగా కొండవైపు నడుచుకుంటూ పోతుంది.

వెనకగాలి మాయ

వెచ్చటి సముద్రంలో కొత్తవాళ్లు బోల్తాపడేది తుపాను చూసి కాదు, హాయి చూసి. గాలి వెనక నుంచి 15 నాట్ల వేగంతో వీస్తోంది, పడవ 5 నాట్లతో పోతోంది అనుకుందాం. పడవలో ఉన్నవాళ్లకి తెలిసే గాలి 10 నాట్లే. అలలు కూడా మనతోనే వస్తుంటాయి. ఎండ, పాటలు, చేతిలో కొబ్బరిబొండం. ‘అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో!’ అనిపిస్తుంది. తిరుగు ప్రయాణానికి పడవని గాలికి ఎదురుగా మళ్లించగానే అదే గాలి దాదాపు 19 నాట్లు అయి కూర్చుంటుంది. పడవ ఒక పక్కకి ఒరుగుతుంది. వంటగదిలో గిన్నెలు దొర్లుతాయి. ఎవరో ఒకరు వాంతి మొదలెడతారు.

గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. అందుకే గాలి పెరిగితే తెరచాపని మడిచి చిన్నది చేస్తారు. దాన్ని ‘రీఫింగ్’ అంటారు. ఎప్పుడు మడవాలి? ‘మడవాలేమో’ అన్న ఆలోచన మొదటిసారి వచ్చినప్పుడే. ‘ఇంకాసేపు చూద్దాం’ అనుకుంటే, అదే పని మూడింతల కష్టమయ్యాక చేయాల్సి వస్తుంది. టీచర్లు కావాలనే ఈ నిర్ణయాన్ని విద్యార్థికి వదిలేసి, నోరు కట్టేసుకుని కూర్చుంటారు. పక్కనే ఉండి మాట్లాడకపోవడమే ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని.

మనిషి పడితే... వేలు దించకూడదు

కోర్సులో అందరూ సరదాగా మొదలుపెట్టి సీరియస్‌గా ముగించే పాఠం ఒకటుంది. టీచరు చెప్పాపెట్టకుండా ఒక బకెట్‌ని నీళ్లలోకి విసిరి ‘మనిషి పడ్డాడు!’ అని అరుస్తారు. ఒకరు ఆ బకెట్ వైపు వేలు చూపిస్తూనే ఉండాలి. వేరే ఏ పనీ చేయకూడదు, చూపు తిప్పకూడదు. ఎందుకంటే 5 నాట్ల వేగంతో వెళ్లే పడవ నిమిషంలో 150 మీటర్లు దాటిపోతుంది. అల వెనక మనిషి తల కొబ్బరికాయంత కూడా కనిపించదు. మిగతావాళ్లు పడవ తిప్పి, వేగం తగ్గించి, బకెట్ పక్కన ఆపాలి. మొదటిసారి చాలామంది బకెట్ మీదుగానే పడవ నడిపేస్తారు. నాలుగోసారికి ఎవరూ నవ్వరు.

బకెట్‌ని తీయడం తేలికే. తడిసిన 70 కిలోల మనిషిని నీళ్లలోంచి పైకి లాగడం ఇద్దరి వల్ల కూడా కాకపోవచ్చు. నీళ్లు వెచ్చగా ఉన్నా లైఫ్ జాకెట్ ఎందుకు వేసుకోవాలో అప్పుడు అర్థమవుతుంది.

రిటర్న్ టికెట్ తెచ్చే ప్రమాదం

టూరిస్టుకి నేర్పడంలో ఒక చిక్కుంది. అతనికి సెలవు ఐదు రోజులే. హోటల్ బుక్ చేసుకున్నాడు. ఆదివారం రాత్రి ఫ్లైట్. డబ్బు కట్టేశాడు. ఆకాశం నల్లబడినా ‘ఇంత దూరం వచ్చాం కదా, వెళ్దాం’ అంటాడు. సముద్రానికి మన టికెట్‌తో పనిలేదు.

2018 జులై 5న ఫుకెట్ దగ్గర ఒక టూరిస్టు బోటు మునిగి 47 మంది చనిపోయారు. అది రుతుపవనాల కాలం. వాతావరణ హెచ్చరికలు ఉన్న రోజు. మనకీ అలాంటి రోజు ఒకటుంది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల టూరుకి బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. నది వరద మీద ఉంది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. రెండూ ఇంజిన్ బోట్లే, తెరచాప పడవలు కావు. కానీ రెండు చోట్లా ప్రయాణికులు టికెట్ కొనుక్కుని ఎక్కారు. వెళ్లాలా వద్దా అని తేల్చాల్సిన పని వేరేవాళ్లది.

పడవ నడపడం నేర్చుకోవడమంటే ఆ పనిని మన నెత్తిన వేసుకోవడం. అందుకే మంచి టీచరు ఐదు రోజుల్లో ఒక్కసారైనా ప్రయాణం ఆపేసి, ఆ పూట చార్టులు ముందేసుకుని కూర్చోబెడతారు. ‘డబ్బులు దండగ’ అని కొందరు సణుగుతారు. నిజానికి కట్టిన డబ్బుకి పూర్తి విలువ వచ్చింది ఆ పూటే.

సర్టిఫికెట్ హద్దు ఎంత?

బ్రిటన్‌లో 1875లో పుట్టిన ఆర్‌వైఏ, అమెరికాలో 1983లో మొదలైన ఏఎస్‌ఏ... ఎక్కువ దేశాల్లో కనిపించేవి ఈ రెండు సంస్థల కోర్సులే. ఆర్‌వైఏలో ‘కాంపిటెంట్ క్రూ’ సున్నా నుంచి మొదలవుతుంది. ‘డే స్కిప్పర్’ ప్రాక్టికల్‌కి వెళ్లేలోపు కనీసం 5 రోజులు, 100 నాటికల్ మైళ్లు, 4 గంటల రాత్రి ప్రయాణం అనుభవం ఉండాలంటారు. అవన్నీ పూర్తయ్యాక ఆ సర్టిఫికెట్ చెప్పేది ఇంతే: తెలిసిన నీళ్లలో, పగటిపూట పడవ నడపగలరు. ఫుకెట్‌లో జనవరిలో నేర్చుకున్నవాడికి ఫుకెట్ జులై తెలియదు. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలికి అదే సముద్రం ఇంకో ముఖం చూపిస్తుంది. పక్కనే ఉన్న సిమిలాన్ దీవుల పార్కుని ఆ నెలల్లో మూసేస్తారు కూడా.

మన దగ్గర ఎలా?

దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉండి, ఫుకెట్ దాకా ఎందుకు అనొచ్చు. మన తీరం ఎక్కువగా తెరిచి ఉన్న బంగాళాఖాతం. ఒడ్డు దగ్గరే అలలు విరుగుతాయి, తుపాన్లు సరేసరి. దీవుల చాటు లేదు. తెప్పకి తెరచాప కట్టి ఆ అలలు దాటిన మన మత్స్యకారులు నేర్చుకున్నది సెలవుల్లో కాదు, చిన్నప్పటి నుంచి ఆకలి పక్కన పెట్టుకుని.

అయితే మొదటి అడుగుకి విమానం ఎక్కక్కర్లేదు. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో యాట్ క్లబ్ 2009 నుంచి పిల్లలకి సెయిలింగ్ నేర్పుతోంది. పేదింటి పిల్లలు అక్కడ నేర్చుకుని జాతీయ పతకాలు తెచ్చారు. సాగర్‌లో చిన్న పడవ నడపడం వస్తే ఫుకెట్‌లో సగం కోర్సు వచ్చినట్టే. గాలి ఎక్కడైనా గాలే.

2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి 254 రోజుల్లో భూమిని చుట్టొచ్చిన ‘తరిణి’ పడవలో ఉన్నది ఆరుగురు నేవీ అమ్మాయిలు. వాళ్లలో ఇద్దరు మనవాళ్లు. విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య.

వెళ్లాలనుకుంటే మూడు మాటలు. ఈత అంతంతమాత్రమైతే మొదటి రోజే టీచరుకి చెప్పేయండి. నీళ్లు, టోపీ, పొడుగు చేతుల చొక్కా మర్చిపోవద్దు. వెచ్చటి సముద్రంలో ముందు దెబ్బకొట్టేది ఎండే. మూడోది, డబ్బు కట్టేముందు స్కూలువాళ్లని ఒక్క ప్రశ్న అడగండి: ‘వాతావరణం బాగోకపోతే ఏం చేస్తారు?’ ‘ఏం ఫర్లేదు, ఎలాగైనా తీసుకెళ్తాం’ అన్నారంటే, ఇంకో స్కూలు వెతుక్కోండి.