నీలి ముద్రకు సున్నపు నీటి గండం

సైనోటైప్ అనే నీలి ముద్రణను 1842లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. వెండి లవణాల జోలికి పోకుండా ఇనుప లవణాలతోనే బొమ్మ తేవడం దీని ప్రత్యేకత. మరుసటి ఏడాదే అన్నా అట్కిన్స్ సముద్రపు నాచుల బొమ్మలను ఈ పద్ధతిలో ముద్రించి పుస్తకంగా వెలువరించడం మొదలుపెట్టింది. తరువాత ఇంజినీర్ల నక్షాలకు నకళ్లు తీసే బ్లూప్రింట్ కూడా ఇదే.

ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములు, పొటాషియం ఫెర్రిసైనైడ్ 10 గ్రాములు విడివిడిగా 100 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి, సమపాళ్లలో కలిపి కాగితానికి పూసి చీకట్లో ఆరబెడతారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలిన చోట ఫెర్రిక్ ఇనుము ఫెరస్‌గా మారి ఫెర్రిసైనైడ్‌తో కలుస్తుంది. అలా పుట్టిన ప్రష్యన్ నీలం నీటిలో కరగదు. మిగిలిన మందు కడిగితే పోతుంది.

పోవాలి గానీ, చాలాచోట్ల సరిగా పోదు. పాత నల్లగొండ జిల్లాలోని, ఇప్పటి సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు లాంటి సున్నపురాయి నేలలో ఈ చిక్కు మరింత సహజం. సిమెంటు పరిశ్రమకు ఆధారమైన ఆ రాతి గుండా ఊరే నీరు బైకార్బొనేట్లను మోసుకొస్తుంది. నీళ్లు మరగబెట్టిన గిన్నెకు పట్టే తెల్లని పొర దానికి సాక్ష్యం. ప్రష్యన్ నీలం ఆమ్లంలో నిలుస్తుంది, క్షారంలో విడిపోయి తుప్పురంగు ఇనుప హైడ్రాక్సైడ్‌ను మిగులుస్తుంది. అందుకే ఎండలో చక్కగా వచ్చిన బొమ్మ కడిగే ట్రేలో వెలిసిపోతుంది, ముందుగా లేత ఛాయలే పోతాయి. తెల్లగా ఉండాల్సిన చోట పసుపు మరకలు పడతాయి. కొత్తవారు ఎండ చాలలేదనుకుని మరింతసేపు ఆరుబయట ఉంచుతారు. దానితో కాగితం వృథా అవడం తప్ప ఫలితం లేదు.

నిజం తేల్చే పరీక్ష తేలిక. ఒకే ముద్రను రెండు ముక్కలు చేసి ఒకటి బోరు నీటిలో, మరొకటి పట్టిన వాన నీటిలో కడగాలి. రెండోది నిలిస్తే దోషం నీటిదే. కడిగే మొదటి నీటిలో చిటికెడు నిమ్మ ఉప్పు వేస్తే చాలు. గాఢ ఆమ్లాలు మాత్రం ఎన్నడూ వాడరాదు, ఫెర్రిసైనైడ్‌తో కలిస్తే విషవాయువు పుట్టే ప్రమాదం ఉంది.

నీరు మార్చినా మార్పు లేకుంటే కాగితాన్ని అనుమానించాలి. ఎక్కువకాలం మన్నడానికి చాలా కాగితాల్లో కాల్షియం కార్బొనేట్ కలుపుతారు. నిమ్మరసం చుక్క వేసినప్పుడు బుడగలు వస్తే అది ఉన్నట్టే. అసలు ఎండ తగలకముందే పూత నీలమైతే తప్పు పూతది: సిట్రేట్ ద్రావణానికి బూజు పట్టి ఉంటుంది, లేదా పూత మీద వెలుతురు పడి ఉంటుంది. కడిగిన వెంటనే బొమ్మ పాలిపోయి కనబడితే దిగులు అక్కర్లేదు, గాలి తగిలేకొద్దీ నీలం చిక్కబడుతుంది. కొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన నీటిలో ముంచితే ఆ మార్పు వెంటనే వస్తుంది.

ఇదే క్షారాన్ని పనిముట్టుగానూ వాడుకోవచ్చు. చాకలి సోడా నీటిలో నీలాన్ని పోగొట్టి టీ కషాయంలో ఉంచితే, మిగిలిన ఇనుము టానిన్‌తో కలిసి గోధుమ, నలుపు ఛాయలిస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ, కసిమి అనే ఇనుప ద్రావణం కలిసి నలుపు పుట్టించేదీ ఈ రసాయన చర్యే.

పూర్తయిన నీలి ముద్రకు సున్నం కొట్టిన తడిగోడ, కార్బొనేట్ కలిపిన అట్ట రెండూ పడవు. ఆమ్లం గానీ కార్బొనేట్ గానీ లేని అట్టలోనే దాన్ని భద్రపరచాలి.