తీవ్ర ల్యుకేమియా - చికిత్సాకాల పరిమితి: ఒక పరిశీలన

తీవ్ర ల్యుకేమియా చికిత్సలో మందు ఎంత ఇవ్వాలన్న ప్రశ్నతో పాటు ఎంతకాలం ఇవ్వాలన్న ప్రశ్న కూడా కీలకమైనది. ఈ వ్యాధిలోని రెండు ప్రధాన భేదాల్లో దీనికి లభించిన సమాధానాలు ఒకటి కావు.

మైలాయిడ్ భేదంలో తొలిదశ చికిత్స లెక్క రోజుల్లో ఉంటుంది. సైటరబిన్ ఏడు రోజులు, డానోరూబిసిన్ మూడు రోజులు ఇచ్చే '7+3' పద్ధతి 1973లో వెలువడింది. అమెరికాలో జరిగిన తులనాత్మక పరీక్షల్లో దీన్ని '5+2'కు కుదిస్తే ఫలితం తగ్గింది. సైటరబిన్‌ను పది రోజులకు పొడిగిస్తే అదనపు మేలు కనిపించలేదు.

పిల్లల్లో అధికంగా కనిపించే లింఫోబ్లాస్టిక్ భేదంలో లెక్క సంవత్సరాలది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో లెడర్లీ ప్రయోగశాల రూపొందించిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో మెరుగుదల కనిపించిందని 1948లో ప్రకటించాడు. అది తాత్కాలికమే అయింది. కారణం తర్వాత స్పష్టపడింది. వ్యాధి బయటపడేనాటికి శరీరంలో సుమారు లక్ష కోట్ల క్యాన్సర్ కణాలుంటాయి. సూక్ష్మదర్శినికి మజ్జ శుభ్రంగా కనిపించినా వందల కోట్ల కణాలు మిగిలి ఉండవచ్చు. వైద్యులు ఈ స్థితిని 'ఉపశమనం' అంటారు. వాడుకలో ఈ మాటకు బాధ తగ్గడమనే అర్థం స్థిరపడింది గనుక, వినేవారు దాన్ని 'నయమైంది' అని గ్రహించే అవకాశం ఉంది. ఇది కేవలం పదచర్చ కాదు.

మెథోట్రెక్సేట్, మెర్కాప్టోప్యూరిన్ ప్రధానంగా విభజన చెందుతున్న కణాలపైనే పనిచేస్తాయి. నిద్రాణంగా ఉన్న కణాలు మేల్కొనేదాకా మందు కాచుకొని ఉండాలి. అందుకే మొత్తం చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. 1992లో జపాన్ పరిశోధకులు దీన్ని ఒక్క ఏడాదికి కుదించి చూశారు. వ్యాధి తిరగబెట్టిన పిల్లల సంఖ్య పెరిగింది. అయినా సగానికి పైగా పిల్లలకు ఆ ఏడాదే సరిపోయింది. కొన్ని జన్యుమార్పులున్న వారిలో ఫలితాలు మరీ మెరుగ్గా వచ్చాయి. నా దృష్టిలో ఈ ప్రయోగం విఫలం కాదు. కాలపరిమితి అందరికీ ఒకటే కానక్కరలేదని అది సూచించింది. అయితే ఎవరికి తక్కువ కాలం చాలుతుందో ముందే నిశ్చయంగా చెప్పగలిగేదాకా దీర్ఘకాల చికిత్సే ప్రమాణంగా నిలుస్తుంది.

ఆ దీర్ఘకాలంలో అధికభాగం ఇంట్లోనే గడుస్తుంది: రోజూ మెర్కాప్టోప్యూరిన్ మాత్ర, వారానికొకసారి మెథోట్రెక్సేట్. బిడ్డ ఆడుకుంటూ, బడికి పోతూ ఉంటుంది. మాత్ర అనవసరమనిపించేది అప్పుడే. మెర్కాప్టోప్యూరిన్ మోతాదుల్లో 95 శాతం కన్న తక్కువ వేసుకున్న పిల్లల్లో వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఎక్కువని అమెరికాలో జరిగిన అధ్యయనం తేల్చింది.