మాయకు ముప్పు ఎవరికి ఎక్కువ

కడుపులో బిడ్డకు ఊపిరి, తిండి అందేది మాయ ద్వారానే. నెలలు నిండేసరికి తల్లి గర్భసంచికి నిమిషానికి అరలీటరు దాకా రక్తం వెళ్తుంటుంది. అందుకే మాయ అతుక్కోకూడని చోట అతుక్కున్నా, కాన్పుకు ముందే ఊడినా చూస్తుండగానే ప్రాణం మీదికి వస్తుంది.

కొందరిలో మాయ కింది భాగంలో అతుక్కుని గర్భసంచి ముఖద్వారాన్ని కప్పేస్తుంది. ఐదో నెల టిఫా స్కాన్‌లో ‘మాయ కిందికి ఉంది’ అనగానే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు గానీ, గర్భసంచి పెరిగేకొద్దీ చాలామందిలో అది పైకి జరుగుతుంది. ఎనిమిదో నెలలో మళ్లీ చూస్తే గానీ తేలదు. వయసు 35 దాటినా, కవలలున్నా, ఐవీఎఫ్‌తో గర్భం వచ్చినా, పొగతాగే అలవాటున్నా మాయ ఇలా కిందికి ఉండే అవకాశం ఎక్కువ.

అన్నిటికన్నా ఆలోచించాల్సింది పాత సిజేరియన్ గాటు గురించి. కోసి కుట్టిన చోట గర్భసంచి లోపలి పొర దెబ్బతింటుంది. మాయ అక్కడే నాటుకుంటే అడ్డు లేక కండరంలోకి, ఒక్కోసారి మూత్రాశయం దాకా చొచ్చుకుపోతుంది. బిడ్డ పుట్టాక అది ఊడిరాదు. బలవంతంగా లాగితే రక్తం ఆగదు, చాలాసార్లు గర్భసంచే తీసేయాల్సి వస్తుంది. అమెరికాలో 2006లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, మాయ కిందికి ఉన్నవారిలో అంతకుముందు ఒక సిజేరియన్ అయితే 11 శాతం మందికి, రెండయితే 40 శాతానికి, మూడయితే 61 శాతానికి మాయ ఇలా చొచ్చుకుపోయింది. గర్భసంచిలో గడ్డలు తీయించుకున్నా, క్యూరెటింగ్ చేయించుకున్నా కొంత ముప్పు ఉంటుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సిజేరియన్ కాన్పులు దేశం మొత్తం మీద 21.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. అవసరమైన ఆపరేషన్ తల్లీబిడ్డలను కాపాడుతుంది, దాన్ని కాదనేవారు లేరు. ముహూర్తం కోసమో, నొప్పుల భయంతోనో తొలి కాన్పుకే కోత కోరుకునేవారికి మాత్రం తర్వాతి గర్భం సంగతి ముందే చెప్పి తీరాలి.

మాయ ముందే ఊడటానికి బీపీ ముఖ్య కారణం. కడుపుకు దెబ్బ తగలడం, ఉమ్మనీరు ముందే పోవడం, గత కాన్పులో ఇలాగే జరిగి ఉండటం మరికొన్ని. ఇందులో రక్తం బయటికి కనపడకపోవచ్చు. కడుపు గట్టిపడి, వదలని నొప్పి వస్తుంది, బిడ్డ కదలిక తగ్గుతుంది. మాయ కిందికి ఉంటే మాత్రం ఎక్కువగా నొప్పి లేకుండానే ఎర్రటి రక్తం పోతుంది. ఏదైనా సరే, తెల్లారేదాకా ఆగకుండా రక్తం ఎక్కించే వీలు, మత్తు డాక్టరు ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. పాత స్కాన్ కాగితాలు వెంట ఉండాలి: మాయ ఎక్కడుందో తెలియకుండా చేత్తో లోపల పరీక్ష చేస్తే రక్తస్రావం ఒక్కసారిగా పెరగొచ్చు.