మీకు తెలుసా? ఆస్ట్రియా ఒప్పందంలో తటస్థత మాటే లేదు!

1955 మే 15. వియన్నాలోని బెల్వెడేర్ భవనం బాల్కనీలోకి వచ్చిన ఆస్ట్రియా విదేశాంగ మంత్రి లియోపోల్డ్ ఫిగిల్, అప్పుడే సంతకాలైన ఒప్పంద పత్రాన్ని తెరిచి కింద గుమిగూడిన జనానికి చూపించారు. పదేళ్లుగా దేశాన్ని నాలుగు మండలాలుగా పంచుకున్న సోవియట్ యూనియన్, అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ వెళ్లిపోవడానికి ఒప్పుకున్నాయి. అంతదాకా వియన్నా నడిబొడ్డున నాలుగు దేశాల సైనికులు ఒకే జీపులో గస్తీ తిరిగేవారు!

ఆస్ట్రియా అనగానే గుర్తొచ్చే తటస్థత మాత్రం ఆ ఒప్పందంలో ఎక్కడా కనిపించదు. స్విట్జర్లాండ్ తరహాలో తటస్థంగా ఉంటామని అంతకు నెల ముందే ఆస్ట్రియా నేతలు మాస్కోలో మాటిచ్చారు. అయితే దాన్ని బయటివాళ్లు రుద్దిన షరతులా కాక, స్వతంత్ర దేశం తానుగా తీసుకున్న నిర్ణయంగా నిలపాలనుకున్నారు. ఎంత ముందుచూపు! విదేశీ సేనలు వెళ్లేందుకు పెట్టిన గడువు ముగిసిన మర్నాడే, అక్టోబర్ 26న, పార్లమెంటు రాజ్యాంగ చట్టం చేసింది. సైనిక కూటముల్లో చేరబోమని, విదేశీ స్థావరాలకు చోటివ్వబోమని అందులో రాసుకుంది.

స్వేచ్ఛ ఊరికే రాలేదు. సోవియట్‌లకు 15 కోట్ల డాలర్ల విలువైన సరుకులు, కోటి టన్నుల ముడి చమురు ఇస్తామని ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఈ కథలో మన దేశానికీ చిన్న పాత్ర ఉంది. 1953లో ఆస్ట్రియా విదేశాంగ మంత్రి కార్ల్ గ్రూబర్ స్విట్జర్లాండ్‌లో నెహ్రూను కలిసి, మాస్కోకు తమ మాట చేరవేయమని కోరారు. మన రాయబారి కె.పి.ఎస్. మీనన్ ఆ పని చేశారు.

అక్టోబర్ 26 ఇప్పుడు ఆస్ట్రియా జాతీయ దినోత్సవం.