జర్మన్‌లో టైమ్ చెప్పడం: ‘హాల్ప్ అఖ్ట్’ అంటే ఎనిమిదిన్నర కాదు.. ఈ లెక్క తెలియకపోతే గంట లేటే!

జర్మనీలో చదువుకో, నర్సు ఉద్యోగానికో వెళ్దామని మన దగ్గర జర్మన్ నేర్చుకుంటున్నవాళ్లు ఉన్నారు. అంకెలు వచ్చేశాయి కదా, ఇక టైమ్ చెప్పడం ఎంతసేపు అనుకుంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

జర్మన్‌లో ‘హాల్ప్’ అంటే సగం, ‘అఖ్ట్’ అంటే ఎనిమిది. రెండూ కలిపి ‘హాల్ప్ అఖ్ట్’ అనగానే మనకు తట్టేది ఎనిమిదిన్నర. కానీ దాని అర్థం ఏడున్నర! అద్దెకు గది చూసుకోవడానికి ‘హాల్ప్ అఖ్ట్’కి రమ్మని ఇంటి ఓనర్ చెప్పారనుకోండి. మీరు ఎనిమిదిన్నరకు వెళ్తే ఆయన గంట క్రితమే చూసి చూసి వెళ్లిపోయి ఉంటారు.

ఎందుకిలా? మనం గడిచిపోయిన గంటను పట్టుకుని చెబుతాం. ఏడు దాటింది, పైన ఇంకో అర. జర్మన్లు నడుస్తున్న గంటను చూస్తారు. ఆ మాటకొస్తే ఈ లెక్క మనకూ కొత్తేం కాదు. ఏడేళ్లు నిండిన పిల్లాడికి ‘ఎనిమిదో ఏడు నడుస్తోంది’ అంటాం కదా.. అచ్చం అలాగే. ఏడు కొట్టగానే ఎనిమిదో గంట మొదలైంది, అందులో సగం అయింది. అంతే.

ఇంకో మెలిక.. అర దగ్గర పడితే నిమిషాలను కూడా దాన్నిబట్టే చెబుతారు. ‘ఫోర్’ అంటే ముందు, ‘నాఖ్’ అంటే తర్వాత, ‘ఫ్యున్ఫ్’ అంటే ఐదు. కాబట్టి 7:25ని ‘ఫ్యున్ఫ్ ఫోర్ హాల్ప్ అఖ్ట్’ అంటారు. 7:35 అయితే ‘ఫ్యున్ఫ్ నాఖ్ హాల్ప్ అఖ్ట్’. మొదట్లో బుర్ర తిరుగుతుంది, నిజమే!

పావుగంటల దగ్గర కాస్త ఊరట. 7:45ని ‘ఫిర్టెల్ ఫోర్ అఖ్ట్’ అంటారు, అంటే మన ‘పావు తక్కువ ఎనిమిది’నే. అయితే తూర్పు జర్మనీలో, దక్షిణాన కొన్ని చోట్ల దీన్నే ‘డ్రైఫిర్టెల్ అఖ్ట్’ అంటారు. ఎనిమిదో గంటలో ముప్పావు అయిందని. అక్కడ ఉత్త ‘ఫిర్టెల్ అఖ్ట్’ అంటే 7:15. ఇది విని వేరే ప్రాంతాల జర్మన్లే తికమక పడుతుంటారు.

రైల్వే స్టేషన్లలో ఈ గొడవ లేదు. అక్కడ 24 గంటల లెక్క. రాత్రి ఏడున్నర రైలుకు ‘నొయిన్‌ట్సేన్ ఊర్ డ్రైసిష్’, అంటే 19:30 అని అనౌన్స్ చేస్తారు. ఎదుటివాళ్లు చెప్పిన టైమ్‌పై అనుమానం వస్తే మీరూ ఇలాగే తిరిగి అడిగి ఖాయం చేసుకోవచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ ‘ఊర్’ దగ్గర మాత్రం తెలుగువాళ్లు జాగ్రత్తగా ఉండాలి. రెండు గంటలకు వస్తా అన్నా, రెండు గంటలు చదివా అన్నా మనకు ‘గంట’ ఒక్కటే. జర్మన్‌లో గడియారం చూపే టైమ్‌కి ‘ఊర్’, గడిచే గంటకు ‘స్టుండె’. ‘రెండు ఊర్ చదివా’ అంటే కుదరదు.

ఇక యూనివర్సిటీకి వెళ్లేవాళ్లకు ఒక్క మాట. క్లాసు టైమ్ పక్కన ‘సి.టి.’ అనే రెండు లాటిన్ అక్షరాలు కనిపిస్తే పావుగంట కలుపుకోవాలి. ‘10 సి.టి.’ అంటే పాఠం మొదలయ్యేది 10:15కి. అదే ‘ఎస్.టి.’ అని ఉంటే సరిగ్గా పదికే.